నాలుగో కెమెరాలో ఒక్కరు

టాటానగర్,
24 ఆగస్టు 2025, ఆదివారం

తమ్ముడు వెంకటరావుకు,

కవరు మీద నా పేరు రాయలేదు. చూస్తే విప్పవేమోనని. అయినా నా చేతిరాత నీకు తెలియనిది కాదు. విప్పావు కనుక చివరిదాకా చదువు.

మీ సుధ చిన్నాన్న చినబాబు గారు స్టేషనులో కనబడ్డారు. నీ చిరునామా అడిగి రాసుకున్నాను. అడగకపోయినా ఫోను నంబరు కూడా ఇచ్చారు. చేయలేదు. ఆరేళ్ళ తరువాత ఫోనులో ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. కాగితమైతే ఆగి ఆగి రాయవచ్చు.

ఇక్కడ వానలు ఎక్కువ. ఖర్కాయి నది ఈ నెలలో రెండుసార్లు ఒడ్డు దాటింది. రైల్వే క్వార్టరు గోడ చెమ్మ పట్టింది. దేవుడి పటాలు తీసి బీరువా మీద పెట్టుకున్నాను. నాకు ఉద్యోగం ఇంకా రెండేళ్ళు ఉంది. చిన్నారావు పోయినప్పటి నుంచి శ్రీదేవీ బిందుప్రియా నా దగ్గరే ఉంటున్నారు. బిందుకు పంతొమ్మిది నిండాయి. కాలేజీకి పోతూనే, పెళ్ళిళ్ళకూ సభలకూ వీడియో తీసేవాళ్ళ దగ్గర పని నేర్చుకుంది.

విషయం ఇది. సెప్టెంబరు 21న మహాలయ అమావాస్య. ఏటా ఆ రోజున దోముహానిలో, రెండు నదులు కలిసే చోట, మన తెలుగువాళ్ళందరం పెద్దలకు నీళ్ళు వదులుతాం కదా. చిన్నారావుకు ఇన్నాళ్ళూ శ్రీదేవి అన్న జగ్గారావు వదిలేవాడు. అతను రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పులు, ఈ ఏడు రాలేనన్నాడు. చిన్నారావుకు బిందు ఒక్కతే కూతురు, కొడుకు లేడు. తోడబుట్టిన మగవాడివి నువ్వొక్కడివే ఉన్నావు.

ఈసారి దూరాన ఉన్నవాళ్ళ కోసం మన తెలుగు సంఘంవాళ్ళు ఘాట్‌లో కెమెరాలు పెడుతున్నారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఫోను ముందు కూర్చుని, పంతులుగారు పేరు పిలిచినప్పుడు పళ్ళెంలో నీళ్ళు వదలవచ్చునట.

నువ్వు వదలాలి. ఇంతే నేను అడిగేది.

దీపం ముందు కూర్చుని రాశాను.

నీ అప్ప,
జోగమ్మ

*

ముంద్రా,
2 సెప్టెంబరు 2025

అప్పకు,

నీ ఉత్తరం వచ్చింది. సుధ రెండుసార్లు చదివింది. నేను ఒకసారి చదివి క్రేను ఎక్కడానికి పోయాను.

నా పని ఇప్పుడు ఓడరేవులో. నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఓడల మీంచి పెట్టెలు దించుతాను. పైకి పోయాక మాట్లాడే మనిషి ఉండడు. మొదట్లో భయమేసేది. తరువాత అదే బాగుందనిపించింది. కింద ఎవరు ఏమనుకున్నా పైకి వినబడదు.

నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. చిన్నారావు పదో రోజు. అదే దోముహాని. దాయాదులందరం మోకాళ్ళ లోతున నిలబడ్డాం. నా దోసిట్లో నీళ్ళు పట్టుకున్నాను. నువ్వు గట్టు మీంచి అన్నావు: "నువ్వెట్టిన పనే ఆడ్ని మింగీసింది. నీ సేత్తో నా తమ్ముడికి నీల్లొద్దు. అవతలకి పో." ఆ రోజు వందమంది ఉన్నారక్కడ. ఒక్కరూ నీ మాట కాదనలేదు. దోసిట్లోవి నదిలోకి జారవిడిచి గట్టెక్కాను. ఆ నీళ్ళు వాడికి చేరినట్టా, చేరనట్టా? ఆరేళ్ళుగా నాకు తెలియదు. క్రేనులో కూర్చున్నప్పుడు ఇదే ఆలోచన.

ఇప్పుడు వదలమంటున్నావు. జగ్గారావు మోకాళ్ళు బాగుంటే నేను నీకు గుర్తొచ్చేవాడినా?

ఆ రోజు నాకు డ్యూటీ ఉందో లేదో ఇంకా తెలియదు. సుధ నిన్ను అడిగినట్టు రాయమంది.

వెంకటరావు

*

టాటానగర్,
9 సెప్టెంబరు 2025

తమ్ముడూ,

జగ్గారావు మోకాళ్ళ గురించి నువ్వన్నది నిజమే. కాదని రాస్తే అబద్ధమవుతుంది. అతను వదులుతున్నన్నాళ్ళు నేను ఆ సంగతి ఆలోచించకుండా గడిపాను. ఈ ఏడు ఎవరూ లేరని తెలిసిన రోజు నుంచి జపానికి కూర్చుంటే మనసు నిలవడం లేదు.

నువ్వు రాసింది ఒక్క అక్షరం తప్పు లేదు. అన్నది నేనే. నా నోటి నుంచి వచ్చినదాన్ని నేనే తీయాలి. ఎలా తీయాలో సింహాద్రి అప్పన్నను అడుగుతున్నాను.

కెమెరాల సంగతి బిందు చెప్పినట్టు రాస్తాను. నాలుగు పెడుతున్నారు. ఒకటి పంతులుగారి దగ్గర. రెండోది నీళ్ళలో నిలబడేవాళ్ళ వైపు. మూడోది నది మీద, ఉత్త నీళ్ళే కనబడతాయి. నాలుగోది ఆడవాళ్ళం కూర్చునే మెట్ల దగ్గర. చూసేవాళ్ళు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. నీళ్ళు వదలాలనుకునేవాళ్ళు మాత్రం తమ పేరు, ఊరు, ఎవరికి వదులుతున్నారో రాసి పంపాలి. అవి ముందు బిందు బల్ల మీదకు వస్తాయి. బిందు ఒక్కొక్కటీ పంతులుగారి చేతిలో పలకలా ఉండే పెద్ద ఫోనుకు పంపుతుంది. ఆయన చదవగానే ఆ మనిషి గట్టు మీది పెద్ద తెరలో కనబడతాడు. అందరి ముందూ వదులుతాడు. ఉత్తినే చూసేవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు.

నిన్న సంఘం గదిలో ఆ కెమెరాల పిల్లలు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. పంతులుగారు, "నా బట్టతల మీద పెట్టకండి నాయనా, పితృదేవతలు దారి తప్పి నా దగ్గరికే వస్తారు" అన్నారు. పక్కింటి పోలమ్మకు ఒకటే దిగులు. "సూరత్‌లో ఉన్నోళ్ళు నీల్లు వదుల్తారు సరే, ఆల్లకి ఇక్కడొండిన గారెలు ఎలాగందుతాయే?" అని అడిగింది.

జుగ్సలాయి బజారుకు వెళ్ళి నల్ల నువ్వులు తెచ్చి పొట్లం కట్టి ఈ కవరులో పెడదామనుకున్నాను. పోస్టాఫీసులో తీసుకోరన్నారు. అక్కడే కొనుక్కో. దక్షిణం వైపు కూర్చో. సంఘం పేరు కొడితే ఫోనులో వస్తుందట. ఎనిమిదికి మొదలు.

సుధను నేనూ అడిగానని చెప్పు. పెళ్ళైన కొత్తలో నా వెనకే తిరిగేది. ఇప్పుడు ఎలా ఉందో.

స్నానం చేసి రాస్తున్నాను, తల ఇంకా తడిగానే ఉంది.

అప్ప

*

టాటానగర్,
22 సెప్టెంబరు 2025

తమ్ముడూ,

నిన్న జరిగింది నువ్వు చూశావు. అయినా నా వైపు నుంచి రాస్తున్నాను.

తెల్లవారుజామున చినుకులు పడ్డాయి. పది కల్లా ఎండ వచ్చింది. నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. శ్రీదేవి రాలేదు. ఆరేళ్ళుగా ఆ ఘాట్‌లో అడుగు పెట్టలేదు ఆవిడ. నేను మెట్ల మీద పోలమ్మ పక్కన కూర్చున్నాను.

పంతులుగారు పేర్లు చదవడం మొదలుపెట్టారు. విశాఖ, పార్వతీపురం, సూరత్, రాయపూర్. పేరు చదివినప్పుడల్లా గట్టు మీది తెరలో ఒక వంటిల్లో, ఒక వసారానో కనబడేది. మన వీధిలో ఉండి వెళ్ళిపోయిన ముసలయ్యగారు మంచం మీదే కూర్చుని వదిలారు. కోడలు గిన్నె పట్టుకుంది.

నీ పేరు పిలుస్తారని చూశాను. గంటసేపు, రెండు గంటలు. పిలవలేదు. పేరు పంపడానికి నీకు మనసు ఒప్పలేదేమో అనుకున్నాను. అంతమందిలో నీ పేరూ వాడి పేరూ కలిపి వినబడాలంటే నీకూ కష్టమే.

బిందుకు టీ ఇవ్వడానికి బల్ల దగ్గరికి వెళ్ళాను. తెరలో నాలుగు గళ్ళు, ఒక్కొక్కదాని కింద ఒక అంకె. ఏమిటని అడిగాను. ఎంతమంది దేన్ని చూస్తున్నారో అది. పంతులుగారి దాంట్లో నాలుగువందల పైన ఉన్నారు. మెట్ల దగ్గరి నాలుగో కెమెరాలో ఒకటే అంకె ఉంది. ఒకటి.

"సుబహ్ సే వహీ ఏక్ హై, బువా" అంది బిందు. మేనత్తనైన నన్ను అది హిందీలో బువా అనే పిలుస్తుంది. పొద్దుటి నుంచీ ఆ ఒక్కరే ఉన్నారట, కదలలేదట.

ఆడవాళ్ళు కూర్చున్న మెట్లను మూడు గంటలపాటు చూసేవాళ్ళు ఎవరుంటారు? నువ్వేనని తెలిసిపోయింది. పేరు చెప్పకుండా నన్ను చూస్తున్నావని.

తిరిగి వెళ్ళి, కర్రకు కట్టిన ఆ కెమెరా ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతులూ జోడించి నీకు దండం పెట్టాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు దండం పెట్టకూడదంటారు. నాకూ తెలుసు. ఇంకో దారి తోచలేదు. నోటితో అన్నాను, చేతులతో తీశాను. "ఎవులికే దండమెడతన్నావు జోగమ్మా, ఆ కర్రకా?" అని పోలమ్మ కొంగు పట్టి లాగింది. నేను చేతులు దించలేదు.

కార్యక్రమం అయ్యేదాకా నువ్వు అక్కడే ఉన్నావని బిందు చెప్పింది. నన్ను చూశాక ఆ పళ్ళెంలో నీళ్ళు వదిలే ఉంటావు. పిలిచినా పిలవకపోయినా, వదిలావు. నాకు ఆ నమ్మకముంది.

రాత్రి చాలా రోజుల తరువాత జపం పూర్తిగా సాగింది.

అప్ప

*

ముంద్రా,
30 సెప్టెంబరు 2025

అప్పా,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు కాగితం ముట్టలేదు. ఇప్పుడు రాస్తే కోపంలో రాయకుండా ఉంటానని కూర్చున్నాను. ఉండగలనో లేదో.

నేను నాలుగో కెమెరా చూడలేదు. నాకు అది ఉందన్న ధ్యాసే లేదు. నేను చూసింది మూడోది. నది. ఆ రోజు నేను దోసిలి విడిచిన చోటు ఎక్కడో వెతుక్కున్నాను.

నేను పేరు పంపాను. ఎనిమిది కాకముందే పంపాను. వెంకటరావు, ముంద్రా, తమ్ముడు చిన్నారావుకి. టైపు చేయడం చేతకాక సుధ చేత కొట్టించాను. ముందురోజే సెలవు పెట్టాను. కొత్త స్టీలు పళ్ళెం కొన్నాను. నల్ల నువ్వుల పేరు ఇక్కడివాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక కొట్టులో సంచులన్నీ విప్పించి చూపించాను. తలస్నానం చేసి, పంచె కట్టి, దక్షిణం వైపు కూర్చున్నాను. ఫోనులో ఒక మాట వచ్చింది: మీ పేరు అందింది, దయచేసి వేచి ఉండండి.

వేచి ఉన్నాను. ఎవరెవరి పేర్లో పిలిచారు. మంచం మీద ముసలయ్యగారు వదలడం నేనూ చూశాను. నా తరువాత పంపినవాళ్ళనూ పిలిచి ఉంటారు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి, లేవలేదు. లేచినప్పుడే పిలుస్తారేమోనని. పదకొండున్నరకు 'కార్యక్రమం ముగిసింది' అని వచ్చి తెర నల్లబడింది.

ఆ నీళ్ళు ఏం చేయాలో మాకు తెలియలేదు. పారబోయడానికి మనసు రాలేదు. సాయంత్రం దాకా బల్ల మీదే ఉంచాం.

ఆ నాలుగో కెమెరా మనిషి సుధ. పక్క గదిలో తన ఫోనులో చూస్తూ కూర్చుందట. నాకూ చెప్పలేదు. ఎందుకే అంటే, "మా వదిన కనబడతాదని" అంది. ఆరేళ్ళలో మొదటిసారి నిన్ను చూసింది. నువ్వు లేచి ఎదురుగా వచ్చి చేతులు జోడించేసరికి కెవ్వున అరిచి నా దగ్గరికి వచ్చింది. "పెద్దది దండం ఎట్టీసింది, మీకు ఎట్టీసింది" అని ఒకటే ఏడుపు. నేను నలభై మీటర్ల ఎత్తున పని చేసేవాడిని. పెద్దవాళ్ళ దండం తగిలితే ఆయుష్షు తరుగుతుందని నమ్మే మనిషి సుధ. రెండు రోజులు నన్ను క్రేను ఎక్కనివ్వలేదు. ఇప్పటికీ నేను డ్యూటీ దిగి ఫోను చేసేదాకా అన్నం తినడం లేదు.

మొదట నీళ్ళు వద్దన్నావు. తరువాత రమ్మని పిలిచి, అందరి ముందూ పేరు పిలవకుండా కూర్చోబెట్టావు. ఆ పైన దండం. నేను ఏం చేస్తే నీకు శాంతి?

గమ్హరియా షెడ్డులో వాణ్ణి పనికి పెట్టింది నేనే. ఒప్పుకుంటాను. ఎవరు పెట్టమంటే పెట్టానో ఆ రోజు ఘాట్‌లో నేను చెప్పలేదు. సుధకు కూడా చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తు చేసుకో.

ఇక రాయకు అప్పా. నాకు ఓపిక లేదు.

వెంకటరావు

*

టాటానగర్,
8 అక్టోబరు 2025

తమ్ముడూ,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు.

నీ ఉత్తరం పట్టుకుని బిందు ముందు కూర్చున్నాను. "పెదనాన్న పేరు వచ్చిందా?" అని అడిగాను.

"ఆయా థా." వచ్చిందని ఒప్పుకుంది.

"మరి పంతులుగారికి పంపలేదేం?"

"ఆప్ హీ నే తో మనా కియా థా, బువా."

నేనే వద్దన్నానట. ఎప్పుడన్నానే అని అడిగాను. చెప్పింది. పదో రోజున తల్లి పక్కన కూర్చుని ఉందట. పదమూడేళ్ళ పిల్ల. నేను అన్న మాటలన్నీ వరసగా మళ్ళీ నాకు చెప్పింది. ఇంట్లో ఎప్పుడూ హిందీలో మాట్లాడే పిల్ల, అవి మాత్రం తెలుగులో, నేను అన్నట్టే అంది. నువ్వు ఉత్తరంలో రాసిన మాటలే. ఒక్కటీ మారలేదు.

"తెర మీద పప్పా పేరు చూశాను. పక్కన ఆయన పేరు ఉంది. నా చెయ్యి ఆగిపోయింది. మీరు ఆ మాట వెనక్కి తీసుకున్నారని నాకు ఎవరు చెప్పారు?" అని మళ్ళీ హిందీలో అడిగింది.

ఎవరూ చెప్పలేదు. నీకు ఉత్తరం రాసిన సంగతి నేను ఈ ఇంట్లో చెప్పలేదు. పోస్టు చేసి వచ్చి అన్నం వండుకున్నాను. మాట తక్కువ మనిషినని నాకు మంచి పేరుంది. దాని వెనకే దాక్కున్నాను. వద్దన్నది వందమంది విన్నారు. రమ్మన్నది కవరులో పెట్టి అంటించాను. పిల్ల తప్పు ఇందులో లేదు. దాని మీద కోపం పెట్టుకోకు.

ఇప్పుడు రెండోది. ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తు చేసుకోమన్నావు. ఆరేళ్ళుగా అది తప్ప ఒంటరిగా నాకు వేరే గుర్తు లేదు.

చిన్నారావు పని లేక ఇంట్లో కూర్చుని తాగుతున్నాడు. నీ వెంట పడింది నేను. రోజూ ఫోను చేశాను. "ఆ షెడ్డు మంచిది కాదప్పా, మూడు నెలలాగు, ఇంకోచోట చూత్తాను" అని నువ్వు అన్నావు. "మూడు నెలల్లో ఆడు మిగలడు, రేపే ఎట్టు" అని నేనన్నాను. నువ్వు పెట్టావు. నలభై రోజులకు ఆ షెడ్డులో బరువులెత్తే గొలుసు తెగి వాడి మీద పడింది.

పదో రోజున నా లోపల ఆ మాట నన్నే నరుకుతుంటే, దాన్ని తీసి నీ మీద వేశాను. నువ్వు నోరు విప్పితే ఆ గట్టు మీద నేను తలెత్తుకుని నిలబడగలిగేదాన్ని కాదు. నువ్వు విప్పలేదు. దోసిలి వదిలేసి వెళ్ళిపోయావు.

ఇది కాగితంలో రాసి ఊరుకోలేదు. నిన్న సాయంత్రం దీపం పెట్టాక శ్రీదేవినీ బిందునూ కూర్చోబెట్టి, ఇదే వరసలో చెప్పాను. శ్రీదేవి బీరకాయలు తరుగుతోంది. తరుగుతూనే విన్నది. చివరి కాయ తరిగేసి, "ఇది బావగారికి తెలుసు కదా వదినా. మరి ఆరేళ్ళు ఎలాగ ఊరుకున్నారాయన?" అంది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డిస్తోంది. అది న్యాయమే.

దండం సంగతి. నా తప్పు దించుకోవడానికి పెట్టాను, అది వెళ్ళి ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. ఈ పొద్దున పంతులుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "తప్పు ఒప్పుకుని పెట్టిన దండం ఎవరి ఆయుష్షూ తగ్గించదమ్మా. అది అహంకారాన్ని తగ్గిస్తుంది, అంతే" అన్నారు. ఆయన మాటగా సుధకు చెప్పు. అన్నం తినమను.

ఈ నెల 21, మంగళవారం, అమావాస్య. దీపావళి అమావాస్యకు కూడా పెద్దలకు నీళ్ళు వదలవచ్చునట. కెమెరాలు ఉండవు. జనం ఉండరు. బిందు ఫోను ఒక్కటే. ఎనిమిది గంటలకు నదిలో ఉంటాం. నువ్వు ఫోను ఎత్తినా, ఎత్తకపోయినా ఉంటాం.

నీకు శాంతి ఎలా అని నన్ను అడిగావు. నీ నీళ్ళు వాడికి చేరాలి. నాకు వేరే కోరిక లేదు.

అప్ప

*

ముంద్రా,
14 అక్టోబరు 2025

అప్పా,

ఈ కాగితం నీకు అమావాస్యలోపు అందాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను.

శ్రీదేవి అడిగినదానికి జవాబు. చెబితే నువ్వు మిగలవని ఊరుకున్నాను. అప్పటికే ఒకడు పోయాడు. అంతకన్నా గొప్పతనం ఏమీ లేదు. తరువాత ఊరుకోవడం అలవాటైపోయింది. అదే ముదిరి కోపమైంది.

నువ్వు రాసింది సుధకు చదివి వినిపించాను. ఈ ఆరేళ్ళలో నేను ఎందుకు అలా ఉండేవాడినో ఇప్పుడు అర్థమైందంది. నాతో రెండు రోజులు దెబ్బలాడింది, చెప్పనందుకు. మీ ఇద్దరూ ఒక్కలాంటి మనుషులే, నోరు కుట్టేసుకున్న జాతి అంది. అన్నం తింటోంది.

బిందు మీద నాకు కోపం లేదు. తండ్రి పేరును కాపాడుకుంది. కానీ ఒకటి అడుగుతున్నాను. నన్ను పిలిచేది ఎవరు? నువ్వు పిలిస్తే నేను వస్తాను, అది వేరు. ఆ పిల్లకు ఇష్టం లేకుండా మాత్రం నాకు వద్దు.

పళ్ళెం కడిగి పెట్టింది సుధ.

నీ తమ్ముడు

*

టాటానగర్,
22 అక్టోబరు 2025

వెంకటరావూ,

నిన్న ఫోనులో మాట్లాడుకున్నాం. నువ్వు నవంబరులో సుధతో వస్తానన్నావు. అన్నీ చెప్పుకున్నట్టే ఉంది. కానీ ఫోనులో నీకు కనబడింది కొంతే. మిగిలింది రాస్తాను.

నీ ఉత్తరం సోమవారం సాయంత్రం అందింది. తెలుగు చదవడం రాదు కనుక బిందుకు నేనే చదివి వినిపించాను. నువ్వు అడిగిన మాట దగ్గర ఆగాను. అది లేచింది. టపాకాయలు కాల్చుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఒప్పుకోలేదనుకున్నాను.

పొద్దున్న ఆరింటికి లేచేసరికి తలస్నానం చేసి ఫోనుకు చార్జింగు పెట్టుకుని కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర శ్రీదేవి చెప్పులు వేసుకుంటోంది. ముగ్గురం ఒక ఆటోలో వెళ్ళాం. సోనారి దాటాక శ్రీదేవి నా చేతిలోని నువ్వుల పొట్లం తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. పద్నాలుగు రోజుల తరువాత నా చెయ్యి తాకింది.

పంతులుగారు తన పని ముగించుకుని వచ్చారు. పేరు చదవబోయి, బిందును చూసి, "అమ్మా, నీ నాన్న పేరు. నువ్వే పిలువు" అన్నారు. నీకు పిలుపు ఒక్కటే వినబడి ఉంటుంది. దానికి ముందు ఆ పిల్ల రెండుసార్లు నోరు తెరిచి మూసింది. మూడోసారి పిలిచింది. "పెదనాన్న వెంకటరావు. మా నాన్న చిన్నారావుకి." అంతే అంది. తెలుగులో అంది.

ఫోనును మెట్టు మీద, రాయికి ఆనించి నిలబెట్టాం. నీవైపుకు కనబడింది నదీ, నా చీర అంచూ మాత్రమేనని సుధ తరువాత చెప్పింది. శ్రీదేవి కనబడలేదు. ఫోనుకు ఇవతల, ఒక మెట్టు కింద కూర్చుంది, తెరకు దగ్గరగా.

నువ్వు దోసిలి పట్టావు. పంతులుగారు చెప్పారు. నువ్వు వదిలావు.

వదులుతుంటే శ్రీదేవి కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, కాళ్ళు వెనక్కి తీసుకుంది. తడుస్తాయన్నట్టు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆవిడకు తెలియకుండానే.

నీళ్ళు పడింది ముంద్రాలో నీ పళ్ళెంలో, ఇక్కడ మెట్టు పొడిగానే ఉంది. ఆవిడ మాత్రం, నువ్వు ఫోను పెట్టేశాక కూడా, చాలాసేపు కాళ్ళు కింద పెట్టలేదు.

అప్ప